ఈత సమాఖ్య ఏడాది: విశాఖ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా ఆక్వాటిక్స్ పోటీల తరువాత భారత స్విమ్మింగ్ సమాఖ్య పనితీరు గురించి విశాఖపట్నం పాఠకులు పంపిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. బీచ్ రోడ్డులోని ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో ఈత నేర్చుకుంటోంది. కోచ్ గారు స్టాప్‌వాచ్‌తో టైమింగ్ తీసి, బాగుంది అంటున్నారు. ఎక్కడో ఉన్న జాతీయ సమాఖ్యకూ మా పాపకూ సంబంధం ఎక్కడ మొదలవుతుంది? – ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ఆ టైమింగ్ దగ్గరే మొదలవుతుందమ్మా. సాధనకు స్టాప్‌వాచ్ చాలు. కానీ దాన్ని నొక్కేది మనిషి వేలు కాబట్టి, జాతీయ స్థాయిలో ఆ లెక్కకు విలువ తక్కువ. పెద్ద పోటీలలో ప్రతి లేన్ చివరి గోడకూ సుమారు 2.4 మీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పలుచని టచ్‌ప్యాడ్ బిగిస్తారు. ఈతగాడి చేయి దానికి తగిలిన క్షణంలోనే గడియారం ఆగి, సెకనులో నూరోవంతు దాకా సమయాన్ని చూపిస్తుంది. గుర్తింపు పొందిన పోటీలో అలా నమోదైన సమయమే మీ అమ్మాయి పేరు పక్కన నిలుస్తుంది. కొలను పొడవు కూడా చూసుకోవాలి. 25 మీటర్ల కొలనులో మలుపులు ఎక్కువగా ఉంటాయి, ప్రతి మలుపులోనూ గోడను కాలితో తన్ని వేగం పుంజుకోవచ్చు. అందుకని అక్కడి సమయం 50 మీటర్ల కొలనులో వచ్చే సమయం కన్నా మెరుగ్గా కనిపిస్తుంది. రెండింటినీ పోల్చి మురిసిపోవడం గానీ, దిగులు పడటం గానీ తగదు.

ఇక దారి విషయానికి వస్తే, జిల్లా సంఘం నిర్వహించే ఎంపిక పోటీల నుంచి రాష్ట్ర పోటీలకు, అక్కడ రాణించిన వారు రాష్ట్ర జట్టులో చేరి సబ్‌జూనియర్, జూనియర్, సీనియర్ జాతీయ పోటీలకు వెళతారు. జాతీయ పోటీలను నడిపేది సమాఖ్య. అందులో పాల్గొనే ప్రతి ఒక్కరికీ సమాఖ్య ఇచ్చే యూఐడీ నంబరు, అంటే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, ఉండాలి. పుట్టిన తేదీ పత్రాలు దాని కోసమే అడుగుతారు కాబట్టి వాటిని ముందే సరిచూసి పెట్టుకోవడం మంచిది.

ఇంకొక మాట మీరు అడగకపోయినా చెప్పాలి. మన రాష్ట్రంలో మంచి ఈతగాళ్లను మనం పోగొట్టుకుంటున్నది కొలనులో కాదు, పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి సాధన చేసే పిల్లను ‘ఈ రెండేళ్లూ ఆపేద్దాం, తరువాత చూద్దాం’ అని మాన్పించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఈతలో రెండేళ్ల విరామం తరువాత తిరిగి అదే స్థాయికి రావడం చాలా కష్టం, ఎందుకంటే శరీరం ఎదిగే ఆ వయసులోనే నీటిమీద పట్టు గట్టిపడుతుంది. ఆ తల్లిదండ్రులను నేను తప్పు పట్టలేను. ఏ పోటీ ఏ నెలలో, ఏ ఊరిలో జరుగుతుందో ఏడాది మొదట్లోనే కచ్చితంగా తెలిస్తే చదువునూ ఈతనూ కలిపి నడిపే కుటుంబాలు పెరుగుతాయి. అందుకే నా దృష్టిలో ఒక సమాఖ్య చేసే పనులన్నిటిలోకీ పెద్దది పోటీల క్యాలెండర్‌ను వేళకు ప్రకటించి, దానికి కట్టుబడి ఉండటం. మీరు కూడా జిల్లా సంఘాన్ని మొదట అడగవలసింది అదే.

ప్రశ్న: అహ్మదాబాద్‌లో మనవాళ్లు పతకాలు గెలిచారని చదివి సంతోషించాను. ఇది నిజంగా పెద్ద విజయమేనా? – పోర్టులో పనిచేసి రిటైరైన పాఠకుడు, సీతమ్మధార

జవాబు: పెద్ద విజయమే. అయితే దాని కొలత తెలుసుకుని సంతోషిస్తే ఇంకా బాగుంటుంది. 2025 సెప్టెంబర్ 28 నుంచి అక్టోబర్ 11 వరకు అహ్మదాబాద్‌లోని వీర్ సావర్కర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో ఆసియా ఆక్వాటిక్స్ ఛాంపియన్‌షిప్స్ జరిగాయి. మన దేశం ఈ పోటీలకు ఆతిథ్యం ఇవ్వడం ఇదే మొదటిసారి. అంతకు ముందు ఈతలో ఈ పోటీల నుంచి మనకు వచ్చినది 2009లో వీర్‌ధవళ్ ఖాడే గెలిచిన ఒకే ఒక్క కాంస్యం. పదహారేళ్ల తరువాత బెంగళూరుకు చెందిన శ్రీహరి నటరాజ్ మొదటి రోజునే 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లోనూ, 50 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లోనూ రజతాలు సాధించాడు.

ఫ్రీస్టైల్‌లో అతని సమయం 1 నిమిషం 48.47 సెకన్లు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో అదే పోటీని దక్షిణ కొరియా ఈతగాడు హ్వాంగ్ సున్-వూ 1 నిమిషం 44.40 సెకన్లలో గెలిచాడు. నాలుగు సెకన్లే కదా అనిపిస్తుంది. ఆ వేగంలో నాలుగు సెకన్లంటే సుమారు ఏడున్నర మీటర్లు, అంటే ఒకరు గోడను తాకేసరికి మరొకరు ఇంకా ఏడున్నర మీటర్ల వెనుక ఉన్నట్టు. అహ్మదాబాద్‌కు రెండు నెలల ముందు సింగపూర్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో మన ఈతగాళ్లు హీట్స్, అంటే తొలి దశ పోటీలు, దాటలేకపోయారు. ఈ రెండూ ఒకే ఏడాదిలో జరిగినవే, రెండూ నిజాలే. సొంతగడ్డపై వేల మంది పిల్లల కళ్లెదుట ఆసియా పతకం గెలవడం వల్ల కలిగే ఉత్సాహం ఎంత విలువైనదో, ప్రపంచ స్థాయికి మనం ఎంత దూరంలో ఉన్నామో తెలుసుకోవడం కూడా అంతే విలువైనది. ఆసియా క్రీడల్లో సచిన్ నాగ్ 1951లో ఢిల్లీలో 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచిన తరువాత ఈతలో మరో స్వర్ణం మనకు రానేలేదు. 1986లో సియోల్‌లో ఖజాన్ సింగ్ రజతం, 2010లో ఖాడే కాంస్యం, 2014లో సందీప్ సేజ్వాల్ కాంస్యం ఆ తరువాతి గుర్తులు.

ప్రశ్న: పారిస్ ఒలింపిక్స్‌కు మన ఈతగాళ్లు ‘కోటా’ కింద వెళ్లారని విన్నాను. అది సిఫారసు వంటిదా? – డిగ్రీ విద్యార్థి, గాజువాక

జవాబు: కాదు. ఒలింపిక్స్‌కు నేరుగా వెళ్లాలంటే ఈత పోటీలను నడిపే ప్రపంచ సంస్థ నిర్ణయించిన అర్హత సమయాన్ని అందుకోవాలి. అలా నేరుగా అర్హత పొందిన వారు లేని దేశాలు ఒక పురుషుడినీ ఒక మహిళనూ పంపేందుకు యూనివర్సాలిటీ అనే నిబంధన ఉంది. ఆ పేర్లను పంపేది జాతీయ సమాఖ్య, వాటికి ప్రపంచ సంస్థ ఆమోదం కావాలి. 2024లో శ్రీహరి నటరాజ్, పద్నాలుగేళ్ల ధినిధి దేసింఘు అలాగే పారిస్ వెళ్లారు. ధినిధి ఆ భారత బృందంలో అందరికన్నా చిన్నది.

నేరుగా అర్హత ఎంత కష్టమో తెలియాలంటే 2021 జూన్‌లో రోమ్‌లో జరిగిన సెట్టె కొల్లి పోటీలను గుర్తు చేసుకోవాలి. 200 మీటర్ల బటర్‌ఫ్లైకి టోక్యో అర్హత సమయం 1 నిమిషం 56.48 సెకన్లు. సాజన్ ప్రకాశ్ 1 నిమిషం 56.38 సెకన్లలో ముగించి, ఆ ప్రమాణాన్ని అందుకున్న మొదటి భారతీయుడయ్యాడు. మిగిలిన తేడా సెకనులో పదోవంతు, నీటిలో చూస్తే జానెడు కన్నా తక్కువ. అదే చోట జరిగిన టైమ్ ట్రయల్‌లో, అంటే పతకం కోసం కాక సమయం నమోదు కోసమే ఈదే ఈతలో, శ్రీహరి 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ను 53.77 సెకన్లలో పూర్తి చేశాడు. అర్హత సమయం 53.85. టైమ్ ట్రయల్‌లో వచ్చిన సమయం చెల్లుతుందా అన్న ప్రశ్న లేవగా, మన సమాఖ్య దాన్ని ప్రపంచ సంస్థకు నివేదించి ఆమోదం తెప్పించింది. కరోనా కాలంలో కొలనులు మూతపడి ఈతగాళ్లు నెలల తరబడి నీటికి దూరమైన తరువాత వచ్చిన సమయాలవి. కాగితాల పని ఆటకు సంబంధం లేనిదని అనుకుంటాం గానీ, సమాఖ్య కార్యాలయంలో ఎవరో వేళకు చేసిన పనివల్ల ఒక కుర్రవాడి ఒలింపిక్ స్థానం దక్కింది.

ప్రశ్న: సమాఖ్య నాయకత్వాన్ని ఎవరు ఎన్నుకుంటారు? కొత్త చట్టం వల్ల ఏం మారుతుంది? – న్యాయవాది, ద్వారకానగర్

జవాబు: రాష్ట్రాల సంఘాల ప్రతినిధుల ఓట్లతో సమాఖ్య కార్యవర్గం ఏర్పడుతుంది. అహ్మదాబాద్ పోటీల నాటికి ఆర్.ఎన్. జయప్రకాశ్ అధ్యక్షుడిగా, మోనల్ చోక్సీ ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. ప్రశ్న ఢిల్లీ గురించో అహ్మదాబాద్ గురించో అయినట్టు కనిపిస్తుంది గానీ, ఆ ఓట్ల మూలం జిల్లాలో ఉంది. జిల్లా సంఘంలో ఎవరు సభ్యులు, ఎన్నికలు ఎప్పుడు జరిగాయి, లెక్కలు సభ్యులకు చూపుతున్నారా అన్న ప్రశ్నలకు జవాబు లేనిచోట, పైస్థాయి ఎన్నిక ఎంత నిబంధనల ప్రకారం జరిగినా ఆటగాడికి ఒరిగేది తక్కువ.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టాన్ని ఆమోదించింది, అదే నెలలో రాష్ట్రపతి సంతకం చేశారు. దాని ప్రకారం జాతీయ సమాఖ్యల కార్యవర్గంలో 15 మందికి మించకూడదు. అందులో కనీసం ఇద్దరు ప్రతిభావంతులైన క్రీడాకారులు, కనీసం నలుగురు మహిళలు ఉండాలి. క్రీడాకారుల కమిటీ ఏర్పాటు చేయాలి. సమాఖ్యలకు గుర్తింపునిచ్చి పర్యవేక్షించేందుకు జాతీయ క్రీడా బోర్డు, వివాదాల పరిష్కారానికి ట్రైబ్యునల్, ఎన్నికల పర్యవేక్షణకు ప్రత్యేక ప్యానెల్ వస్తాయి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి వరుసగా మూడు పర్యాయాలు, అంటే 12 ఏళ్ల దాకా కొనసాగవచ్చు. అంతర్జాతీయ సంస్థ నిబంధనలు అనుమతిస్తే 70 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువారు కూడా పోటీ చేయవచ్చు. ఈ చివరి రెండు అంశాలూ నాకు రుచించలేదు. 2011 నాటి క్రీడా నియమావళి కార్యదర్శికి, కోశాధికారికి వరుసగా రెండు పర్యాయాల తరువాత విరామం తప్పనిసరి చేసింది, ఆ కట్టుబాటును సడలించవలసింది కాదు. నలుగురు మహిళలు, ఇద్దరు క్రీడాకారులు అన్న నిబంధనను మాత్రం మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అమ్మాయిల ఈత బృందంతో మహిళా మేనేజర్ వెళ్లాలని, దుస్తులు మార్చుకునే గదులు సరిగా ఉండాలని పట్టుబట్టే గొంతు సమావేశంలో ఉండితీరాలి.

ప్రశ్న: మా జాలారిపేట పిల్లలు నడవడం నేర్చిన కొన్నాళ్లకే సముద్రంలో ఈదుతారు. అయినా వారిలో ఒక్కరూ జాతీయ పోటీలలో ఎందుకు కనిపించరు? – ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. అలను చదవడం, అలసట తట్టుకోవడం, నీటికి భయపడకపోవడం మీ పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. కానీ కొలను పోటీ అడిగే నేర్పు వేరు. సముద్రంలో పడవనూ అలనూ చూసుకోవాలి కాబట్టి పిల్లలు తల పైకెత్తి ఈదుతారు. తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే నీరు అడ్డుకుంటుంది. కొలనులో చూపు అడుగుకు ఉండాలి, తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవాలి. దిమ్మె మీద నుంచి దూకడం, గోడ దగ్గర పల్టీ కొట్టి మళ్లడం, ఫ్రీస్టైల్ వంటి పోటీలలో నీటి లోపల 15 మీటర్ల దూరానికి మించకుండా పైకి తేలడం వంటివి కోచ్ లేకుండా పట్టుబడవు. చిన్న వయసులో మొదలుపెడితే ఏడాది రెండేళ్లలో ఇవన్నీ వచ్చేవే. అడ్డు పడుతున్నది కొలను ప్రవేశ రుసుము, రవాణా, తెల్లవారుజామున తీసుకువెళ్లే మనిషి లేకపోవడం.

మీ పిల్లలకు మరింత దగ్గరి దారి ఓపెన్ వాటర్ ఈత, అంటే కొలనులో కాక సముద్రం, నది వంటి చోట్ల ఈదే పోటీ. 2008 బీజింగ్ నుంచి 10 కిలోమీటర్ల ఓపెన్ వాటర్ ఈత ఒలింపిక్స్‌లో ఉంది. సింగపూర్ ప్రపంచ పోటీలలో 3 కిలోమీటర్ల నాకౌట్ స్ప్రింట్‌ను కొత్తగా చేర్చారు. బెంగాల్‌లోని ముర్షిదాబాద్‌లో భాగీరథి నదిపై 81 కిలోమీటర్ల ఈత పోటీ దశాబ్దాలుగా జరుగుతోంది. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల విశాఖ నుంచి కాకినాడ వరకు సుమారు 150 కిలోమీటర్లు రోజుకు కొంత చొప్పున ఈది 2025 జనవరిలో పూర్తి చేశారు. ఇంత తీరం ఉన్న మన నగరంలో, రుషికొండ వైపు రక్షణ పడవలతో, వైద్య బృందంతో ఏటా ఒక ఓపెన్ వాటర్ పోటీని రాష్ట్ర సంఘం ఎందుకు పెట్టకూడదు? ఆర్.కె. బీచ్ దగ్గర లోపలికి లాగే ప్రవాహాలు ప్రతి ఏడాదీ ప్రాణాలు తీస్తున్నాయి కాబట్టి పిల్లలు సొంతంగా సాధన చేయకుండా చూడండి. పిల్లల పేర్లు, వయసు రాసి జిల్లా సంఘానికి మీ పాఠశాల తరపున ఒక వినతి పంపండి. దాని ప్రతి మాకూ పంపితే ఈ పత్రికలో ప్రచురిస్తాం.

ప్రశ్న: 2026లో ఈత అభిమానులు దేనికోసం ఎదురు చూడాలి? – పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: జూలై 23 నుంచి ఆగస్టు 2 వరకు గ్లాస్గోలో కామన్వెల్త్ క్రీడలు, సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 వరకు జపాన్‌లోని ఐచి-నగోయాలో ఆసియా క్రీడలు ఉన్నాయి. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో 50 మీటర్ల పోటీలను కొత్తగా చేర్చారు కనుక, పొట్టి పోటీలలో మన వాళ్ల సమయాలను ప్రత్యేకంగా గమనించండి. అహ్మదాబాద్‌లో శ్రీహరికి రజతం తెచ్చిన 50 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ ఇప్పుడు ఒలింపిక్ పోటీ.