కొత్త రంగు, కొత్త పాట: మీ ఉత్తరాలకు నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలను ముందేసుకుని రెండు కుప్పలు చేశాను. ఒకటి బట్టలది, ఒకటి పాటలది. పాతికేళ్లు కుట్టుమిషన్ ముందు కూర్చున్నదాన్ని కాబట్టి మొదటి కుప్పకు జవాబు చెప్పే అర్హత ఉందనుకుంటాను. రెండోదానికి నా అర్హతల్లా ఆ పాతికేళ్లూ మిషన్ పక్కన రేడియో మోగుతూ ఉండటమే. చదువుతూ పోతే రెండు కుప్పల్లోనూ ఒకటే బాధ కనిపించింది. కొత్తది కావాలనిపిస్తోంది, తీరా తెచ్చుకుంటే అది మనది కావట్లేదు. అందుకే రెండూ కలిపేశాను.

ప్రతి వసంతానికీ 'ఈ ఏటి రంగు' అని ఒకటి మొదలవుతుంది. మోజుపడి కొంటాను, రెండుసార్లు వేసుకుని బీరువాలో పడేస్తాను. తప్పు రంగుదా, నాదా మేడమ్?
— ఉద్యోగిని, 29

తప్పు తొందరదండీ. ఏడాదికో రంగు ప్రకటించడం పాంటోన్ అనే రంగుల సంస్థ 2000వ సంవత్సరపు రంగుతో మొదలుపెట్టింది. మొదటిది సెరూలియన్, తేటపడ్డ ఆకాశం లాంటి నీలం. 2023కి వివా మజెంటా అన్నారు, 2024కి పీచ్ ఫజ్, 2025కి మోకా మూస్. అంటే ముదురు గులాబీ నుంచి లేత పీచ్‌కి, అక్కణ్నుంచి గోధుమ రంగుకి. మూడేళ్లలో మూడు దిక్కులు. మన ఒంటిఛాయ మాత్రం మూడేళ్లూ ఒక్కటే కదా! పైగా వసంతానికని వచ్చే బట్టలు న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ర్యాంపుల మీద అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే నడిచేసి ఉంటాయి. మన కంట పడేసరికే దానికి ఆరు నెలలు. ఇంకో పది రోజులు ఆగితే కొంప మునగదు.

నేనూ ఆగలేదు లెండి. పీచ్ రంగు ఊపు మీదున్న ఏడాది మూడు మీటర్ల గుడ్డ కొని గౌను కుట్టుకున్నాను. వేసుకుని బయటికెళ్తే 'ఒంట్లో బాగోలేదా?' అని ముగ్గురు అడిగారు. నాలుగో మనిషి అడిగేలోగా ఇంటికొచ్చి విప్పేశాను. ఆ గౌనును కుట్లు ఊడదీసి, ముదురు నీలం కోటుకి లోపల లైనింగ్‌గా వేశాను. చేతులు పైకి మడిస్తే మణికట్టు దగ్గర రెండంగుళాలు కనిపిస్తుంది. ఇప్పుడు అదే మనుషులు 'ఎక్కడ కుట్టించారు?' అంటున్నారు. రంగు అదే. మొహానికి దూరం జరిగిందంతే.

కొత్త రంగు ఏదైనా గుడ్డను గడ్డం కింద పట్టుకుని, పగటి వెలుతురులో కిటికీ పక్కన అద్దంలో చూడండి. షాపులో దీపాల కింద చూసి నమ్మకండి. ఆ వెలుతురులో ఒకేలా కనిపించిన రెండు గుడ్డలు ఎండలోకి తెస్తే వేరు వేరుగా తేలడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. చూసినప్పుడు మీ మొహం ముందు కనిపిస్తే ఆ రంగు చొక్కాగా పనికొస్తుంది. గుడ్డే ముందు కనిపిస్తే అది బెల్టుకో, సంచికో, లైనింగ్‌కో. దాంతోపాటు వేసుకునే మిగతావన్నీ మీకు బాగా అలవాటైనవే ఉండనివ్వండి.

లినెన్ చల్లగా ఉంటుందని కొన్నాను. ఆఫీసు చేరేసరికి ఆ చొక్కాతోనే పడుకుని లేచినట్టు ఉంటోంది. ఏం చెయ్యాలి?
— అకౌంటెంట్, 34

లినెన్‌ను అవిసె కాండం నుంచి తీసిన నారతో నేస్తారు. ఆ నారకు సాగే గుణం బాగా తక్కువ. ఉన్ని బట్టను రాత్రంతా వేలాడదీస్తే ముడతలు చాలావరకు వాటంతట అవే పోతాయి. లినెన్‌లో పడ్డ మడత పడ్డట్టే ఉంటుంది. చెమటను గబగబా పీల్చి గబగబా ఆరిపోయే సుఖమూ ఆ నారదే, ఈ ముడతలూ ఆ నారవే. ఒకటి ఉంచుకుని రెండోది వద్దంటే కుదరదు.

కొనేముందు గుడ్డ అంచును పిడికిట్లో నలిపి, పది లెక్కపెట్టి వదలండి. అప్పుడు ఎలా ఉందో, మీరు ఆఫీసు మెట్లెక్కేటప్పుడు అలా ఉంటుంది. ఇష్టమైతే కొనండి. లేదంటే నూలు కలిపిన లినెన్ తీసుకోండి, కాస్త నయం. ఇస్త్రీ మాత్రం చొక్కా ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే చెయ్యాలి. ఎండుగడ్డిలా ఆరిపోయాక ఎంత నొక్కినా మీ భుజమే నొస్తుంది.

ఇస్త్రీ అంటేనే విసుగా? అయితే సీర్‌సకర్ అనే గుడ్డ చూడండి. 'షీర్ ఓ షకర్' అనే పర్షియన్ మాట అలా మారింది. పాలూ చక్కెరా అని అర్థం. నున్నటి చార పాలు, గరుకు చార చక్కెర. నేసేటప్పుడు పడుగు పోగుల్లో కొన్నిటిని బిగువుగా, కొన్నిటిని వదులుగా ఉంచుతారు. వదులువి ఉబ్బి బుడిపెల్లా నిలబడతాయి. ఆ బుడిపెల వల్ల గుడ్డ ఒంటికి అంటుకోదు, మధ్యలో గాలి ఆడుతుంది. పుట్టుకతోనే ముడతలది కాబట్టి కొత్త ముడతలు పడినా ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో బద్ధకస్తులకు ఇంతకంటే మంచి గుడ్డ లేదు. నేనూ ఆ జాతే.

నాకు నలభై మూడేళ్లు. కాలేజీ రోజుల పాటలు తప్ప ఏదీ ఎక్కట్లేదు. కొత్త పాట పెడితే అర నిమిషంలో తీసేస్తాను. 'ముసలివాడివైపోయావు నాన్నా' అంటోంది మా అమ్మాయి. నిజమేనా?
— ఒక తండ్రి

అమ్మాయి మాట సగం నిజమండీ. సుమారు పది నుంచి ముప్పై ఏళ్ల వయసులో పడిన జ్ఞాపకాలు తక్కినవాటి కంటే గట్టిగా నిలుస్తాయి. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని 'రెమినిసెన్స్ బంప్', అంటే జ్ఞాపకాల మిట్ట అంటారు. మీ కాలేజీ పాటలు ఆ మిట్ట మీద ఇల్లు కట్టుకుని కూర్చున్నాయి. అందులో తప్పేమీ లేదు, వాటిని ఖాళీ చేయించక్కర్లేదు.

రెండో సగం చూడండి. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో కొన్ని ప్రయోగాలు ప్రచురించాడు. అర్థం లేని మాటలూ, చూసేవాళ్లకు తెలియని లిపిలాంటి గీతలూ, ముక్కూమొహం తెలియని వాళ్ల ఫొటోలూ చూపించాడు. కొన్నిటిని ఒకటి రెండుసార్లు, కొన్నిటిని పదేపదే. ఎక్కువసార్లు కనబడ్డవే జనానికి ఎక్కువ నచ్చాయి. వాటిలో ప్రత్యేకంగా ఏమీ లేదు, అలవాటయ్యాయంతే. మీ కాలేజీ పాటలను మీరు ఎన్ని వందలసార్లు విన్నారో ఓసారి లెక్కేసుకోండి. కొత్త పాటకు ఇస్తున్నది అర నిమిషం! ఇది పోటీయా? మొదటిసారే ఒళ్లు మండించిన పాటను మాత్రం పదిసార్లు వినకండి, మంట పెరుగుతుంది. 'ఏమో, తెలీట్లేదు' అనిపించినవాటికే ఈ వైద్యం.

నేను చేసేది చెబుతాను. చేత్తో ఒక కాజా కుట్టడానికి నాకు ఇంచుమించు ఒక పాటంత సేపు పడుతుంది. చొక్కాకి ఏడు కాజాలు. ఒకే కొత్త పాటను మొదటి మూడు కాజాలకు పెడతాను, మిగతా నాలుగింటికీ నా పాత పాటలే. మొదటి కాజాకి డప్పుల మోత తప్ప ఏమీ వినపడదు, కాస్త చిరాకు కూడా. రెండోదానికి గొంతు కింద బేస్ గిటారు ఎక్కడెక్కడ ఆగుతోందో చెవికి తెలుస్తుంది. మూడో కాజాలో దారం ముడేసి తెంపేటప్పుడు ఆ ఆగేచోట నా సూది కూడా ఆగుతోందని గమనిస్తాను. అప్పటికీ ఏమీ జరగకపోతే ఆ పాటకు దణ్ణం పెట్టేస్తాను. ఒక్క హెచ్చరిక: మరీ నచ్చేస్తే ప్రమాదం. ఒకసారి పాటలో పడి కాజాను అరంగుళం ఎక్కువ కత్తిరించాను. ఆ చొక్కా యజమాని గుండీ ఇప్పటికీ జారిపోతూ ఉంటుంది, పాపం.

మీకు కాజాలు లేకపోతే అంట్లు తోమడమో, బట్టలు మడతపెట్టడమో ఉంటుంది కదా. చెయ్యి ఎరిగిన పనైతే చెవి ఖాళీగా ఉంటుంది. ఇంకో దారి: మీ పాత పాటల్లో ఒకదానికి వేణువు ఎవరు వాయించారో, రికార్డింగ్ ఎవరు చేశారో చూడండి. ఆ మనిషి ఇంకెక్కడెక్కడ పనిచేశారో వెతకండి. తెలిసినవాళ్ల వెంట వెళ్తే తెలియని ఇంట్లోకి వెళ్లడానికి మొహమాటం ఉండదు.

బస్సులో, లిఫ్టులో మంచి ముక్క వినిపిస్తుంది. పేరు తెలిసేలోగా దిగాల్సి వస్తుంది. ఫోన్ పైకెత్తి పట్టుకోవాలంటే సిగ్గు.
— డిగ్రీ విద్యార్థిని

సిగ్గెందుకు తల్లీ, నీకంటే ముందు చాలామంది ఎత్తారు. మోగుతున్న పాటను విని దాని పేరు చెప్పే షజామ్ 2002లో బ్రిటన్‌లో మొదలైనప్పుడు యాప్ కూడా లేదు. 2580 అని డయల్ చేసి, మోగుతున్న వైపు ఫోన్ పట్టుకోవాలి. కీప్యాడ్‌లో నడిమి వరస పైనుంచి కిందికి నొక్కితే వచ్చే నంబరది, గుర్తుంచుకోనక్కర్లేదు. కాసేపటికి దానంతట అదే కట్టయ్యేది, పాట పేరు మెసేజ్‌గా వచ్చేది. ఇప్పుడు జేబులోంచి తియ్యకుండానే పనవుతోంది.

పాటలో ఏ క్షణంలో ఏ శ్రుతులు గట్టిగా పైకి లేచాయో ఆ శిఖరాలను మాత్రమే ఏరుకుని, వేలిముద్రలా పోల్చి చూస్తుంది. అందుకే బస్సు రొదలో కూడా పట్టేస్తుంది. కానీ అది వెతికేది ఒక రికార్డింగ్ వేలిముద్రను. అదే పాట ఎవరో కచేరీలో పాడుతుంటే తెల్లమొహం వేస్తుంది. పేరు దొరికాక ఆ రోజే ఇంటికెళ్లి మొత్తం విను. నా ఫోన్‌లో అలా పట్టి ఉంచిన పేర్లు చాలా ఉన్నాయి, సగం ఎందుకు పట్టుకున్నానో గుర్తులేదు.

మా బాబును నిద్రపుచ్చడానికి జోలపాటలు పెడతాను. ఇప్పుడు యాప్ నాకు సూచించేవన్నీ అవే. నా టేస్టు నాకు తిరిగొచ్చే దారి ఉందా?
— కొత్త అమ్మ

ఉంది. మీది స్పాటిఫై యాప్ అయితే, అందులో ఒక ప్లేలిస్టును 'టేస్ట్ ప్రొఫైల్' (మీ ఇష్టాల మీద అది వేసుకునే లెక్క) నుంచి మినహాయించే ఆప్షన్ ఉంటుంది. జోలపాటలన్నీ ఒక ప్లేలిస్టులో వేసి దాన్ని తప్పించండి. వాళ్ల 'డిస్కవర్ వీక్లీ' 2015లో వచ్చింది. సోమవారం సోమవారం ముప్పై పాటలు ఇస్తుంది. మీరు విన్నవే విన్న ఇతరులు ఇంకేం విన్నారో చూసి ఏరడం అందులో ముఖ్యమైన కిటుకు. మీ లెక్కలో ఆ 'ఇతరులు' అంటే ఇప్పుడు నిద్రలేని తల్లిదండ్రులే. వాళ్ల గుంపులోంచి బయటపడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు. బాబు నిద్రపోయాక మీకు నచ్చిన నాలుగు పాటలు పూర్తిగా వినండి.

మావాడు పెద్ద హెడ్‌ఫోన్లు మెళ్లో వేసుకుని తిరుగుతున్నాడు. పాటలు వినడు, ఊరికే అలంకారం! ప్యాంటు చూస్తే ఇద్దరు పట్టేంత. ఏమనాలి?
— ఒక తల్లి

ఏమీ అనకండి. 1979లో సోనీ వాక్‌మన్ అనే చిన్న క్యాసెట్ ప్లేయర్ వచ్చినప్పట్నుంచీ పాట వినే సాధనం ఒంటి మీది అలంకారమే. ఆ మొదటి వాక్‌మన్‌కు హెడ్‌ఫోన్లు పెట్టే రంధ్రాలు రెండు ఉండేవి, ఇద్దరు కలిసి వినడానికి. మధ్యలో మాట్లాడుకోవాలంటే నొక్కడానికి నారింజ రంగు బటన్ కూడా ఉండేది. ఎంత ముచ్చటో కదా! మెళ్లో ఉన్నప్పుడు మీ టెన్షన్ అనవసరం. చెవులకు ఎక్కినప్పుడు మాత్రం వాల్యూమ్ చూడండి. పెద్దలు 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటలకు మించి వినకూడదని, పిల్లలకైతే ఆ మోత 75 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ప్యాంటు సంగతి నా శాఖ. దాన్ని సన్నం చేయించకండి. వెడల్పు గుడ్డను ఎప్పుడైనా తగ్గించవచ్చు, తగ్గించినదాన్ని పెంచలేం. నేల మీద ఈడుస్తుంటే అంచు మాత్రం ఒక మడత పైకి పెట్టి చేత్తో కుట్టండి, కత్తిరించొద్దు.

ఊరందరికీ చెబుతారు సరే, ఇంతకీ ఇప్పుడు మీరేం వేసుకున్నారు, ఏం వింటున్నారు?
— పేరు రాయని పాఠకుడు

వేసుకున్నది సీర్‌సకర్ చొక్కా, ఇస్త్రీ లేదు. మెడకు కొత్తగా లేత ఆకుపచ్చ స్కార్ఫు, ఇది రెండో వారం. ఇంకా తేల్చుకోలేదు.

వింటున్నదానికి పేరు లేదు. పది రోజులుగా సాయంత్రం పూట పైఅంతస్తు కిటికీలోంచి వయొలిన్ మీద ఒక ముక్క దిగుతోంది. నాలుగు స్వరాలు ఎక్కి, మూడు దిగి, ఒకచోట తడబడి, మళ్లీ మొదటికి. షజామ్‌కు వినిపించాను, చేతులెత్తేసింది. గూగుల్‌లో 2020 నుంచి కూనిరాగం తీసి వెతికే సౌకర్యం ఉంది కదా అని మిషన్ ఆపి నేనే తీశాను. మూడుసార్లు మూడు వేరే పాటలు చెప్పింది. నిన్న మెట్ల మీద ఆ పిల్లాడు ఎదురైతే ఆపి అడిగాను, 'బాబూ, అదేం పాట?' అని.

వాడు బిత్తరపోయి, "పాట కాదాంటీ, వేళ్లు తిరగడానికి మా టీచర్ ఇచ్చిన ఎక్సర్‌సైజు. డిస్టర్బెన్స్‌గా ఉందా?" అన్నాడు.

లేదన్నాను. ఆ తడబడే చోటు కూడా నాకు నోటికొచ్చేసింది.