సీటు కింద పొయ్యి

రావులపాలెం

చిరంజీవి అల్లుడికి,

మావయ్య దీవెనలు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు అమలాపురం గడియార స్తంభం దగ్గర బండి ఆపి, సీటు కిందనుంచి కొట్టే సెగకి తాళలేక, సోడా బండివాడి దగ్గర చెంబుడు నీళ్ళు అడిగి తొడల మీద పోసుకున్నావని చెప్పింది. ముందు పడీ పడీ నవ్వాను. తర్వాత జాలేసింది. కొన్న రోజున నాకు చూపించి ఉంటే ఈ సంగతి అప్పుడే చెప్పేవాణ్ణి కదరా. సర్లే, కొనేశావు. ఇప్పుడు ఏం చెయ్యాలో చూద్దాం.

నీ బండి పుట్టుకే అంత. సైలెన్సర్ తీసుకెళ్ళి సీటు కింద పెట్టే సోకు 1994లో డుకాటీ 916 అనే స్పోర్ట్స్ బండి వచ్చాక ఊపందుకుంది. వెనకనుంచి చూస్తే అందం, మలుపులో ఎంత వాల్చినా సైలెన్సర్ నేలకి రాసుకోదు. 2004లో యమహా ఆర్‌వన్, హోండా వెయ్యి సీసీ ఫైర్‌బ్లేడ్ కూడా అదే దారి పట్టాయి. తర్వాత బరువంతా పైకి చేరుతోందని హోండా 2008లో కిందకి దించేసింది, యమహా 2015లో దించింది. నువ్వేమో మధ్యకాలంలోదాన్ని ఏరికోరి తెచ్చుకున్నావు. గట్టిగా లాగేటప్పుడు ఇంజను వదిలే పొగ ఆరేడు వందల డిగ్రీల పైమాటే. అది ముందు బెండ్ పైపుల్లోంచి ఇంజను కిందుగా వెనక్కొచ్చి, పైకెక్కి, నీ సీటు కింద ఊపిరి పీల్చుకుంటుంది. పైన ఉన్నది ప్లాస్టిక్ సీటు బేస్, రెండంగుళాల ఫోమ్, దానిమీద నువ్వు.

ముందే ఒక మాట. ఆన్‌లైన్‌లో వేడిని ఆపే బంగారు రంగు టేపు ఆర్డర్ పెట్టేశావని తెలిసింది. వస్తే రానీ, అంటించొద్దు. వేడి ఎటునుంచి వస్తోందో తేల్చుకోకుండా ఏది అంటించినా డబ్బు గోదాట్లో పోసినట్టే.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళని చూశావుగా. బోర్లించిన కుండ, కింద మంట. పక్కన కూర్చుంటే మొహానికి కొట్టే సెగ ఒకటి. కుండ అంచు నుంచి పైకి లేచే వేడిగాలి ఇంకొకటి. పొరపాటున చెయ్యి ఆనితే చుర్రుమనేది మూడోది. నీ సీటు కిందా ఈ మూడే. సెగకి మధ్యలో చాట అడ్డం పెట్టినా చాలు. గాలికైతే బయటికి పోయే దారి చూపించాలి. మూడోదానికి, తగులుతున్న రెంటినీ విడదియ్యాలి. మనవాళ్ళు చేసే తప్పేంటంటే మూడిటికీ ఒకే మందు, టేపు!

వేడి కొలిచే గన్ ఒకటి సంపాదించు. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినది కాదు, అది జ్వరం వరకే చూస్తుంది. ఫ్యాక్టరీల్లో వాడే రకం కావాలి. దొరక్కపోతే నా దగ్గరుంది, పట్టుకెళ్ళు. మెరిసే స్టీలు మీద అది తప్పుడు లెక్క చెబుతుంది, ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది. అందుకని పైపు మీద నాణెమంత చోట వేడికి తట్టుకునే నల్ల పెయింటు పూసి అక్కడ చూడు. అరగంట తిరిగొచ్చి, ఇంజను ఆపి, వెంటనే సీటు తీసి, సీటు బేస్ అడుగున నాలుగు చోట్ల కొలిచి ఒక పుస్తకంలో రాసుకో. ఎడమ, కుడి, ముందు, వెనక. ఒక మూల మిగతావాటికంటే మరీ ఎక్కువుంటే నీ దొంగ అక్కడున్నాడు.

ఆ మూలలో నేను మొట్టమొదట వెతికేది లీకు. పైపు సైలెన్సర్‌లోకి దూరేచోట ఒక గ్యాస్కెట్, అంటే అతుకు సందు మూసే రింగు ఉంటుంది, అరిగితే పొగ పక్కకి తంతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చెవి ఒగ్గు, టిక్ టిక్‌మని చిన్న శబ్దం వస్తుంది. అతుకు చుట్టూ మసి చారలు ఉంటాయి. అది వేడి ఒక్కటే కాదు, విషపు పొగ, నీ ముక్కుకే వస్తుంది. ఆ గ్యాస్కెట్ మార్చకుండా మిగతా ఏ పనీ మొదలెట్టకు.

రెండోది, కంపెనీవాడు బిగించిన వేడి రేకులు ఉన్నాయా లేవా చూడు. పాత ఓనర్లు సర్వీసులో విప్పుతారు, మళ్ళీ బిగించడానికి బద్ధకం. రేకు పోతుంది, బోల్టు పోతుంది, రేకుకీ ఫ్రేముకీ మధ్య ఉండే చిన్న రబ్బరు బుష్ పోతుంది. ఫెయిరింగ్, అంటే బండి పక్కల ఉండే ప్లాస్టిక్ తొడుగు, లోపల అంచుల వెంట నల్ల ఫోమ్ పట్టీలు కూడా ఉండాలి. చూడ్డానికి చెత్తలా ఉంటాయి గానీ రేడియేటర్ దాటొచ్చిన వేడిగాలి నీ కాళ్ళమీదకి రాకుండా కిందకి తోసేవి అవే. మొన్న ఒక బండికి ఆ పట్టీలు మళ్ళీ పెడితే సగం గోల తగ్గింది. ఖర్చు ఎంతనుకున్నావు, కిళ్ళీ కొట్టు బాకీ అంత.

ఇక రేడియేటర్. మన ప్రాంతంలో దీని కష్టం వేరే ఊరివాడికి అర్థం కాదు. కోతలైతే ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తాం, గడ్డి రోడ్డు మీదే తొక్కిస్తాం. ఆ పొట్టు, నూగు వెళ్ళి రేడియేటర్ రెక్కల్లో కూరుకుంటుంది. దానిమీద కాలువ గట్టు బురద ఎండితే పిడక వేసినట్టే. వెనకనుంచి ముందుకి, మామూలు పైపు ధారతో కడుగు. వాటర్ సర్వీసువాడి గన్ దగ్గరగా పెట్టనివ్వకు, రెక్కలు పడుకుంటాయి. ఇంకోటి, గడ్డి పరిచిన రోడ్డు మీంచి వెళ్ళావంటే అవతల ఆగి కిందకి వంగి చూడు. పైపుకి చుట్టుకున్న ఎండుగడ్డి రాజుకుంటే బండే కాలిపోతుంది.

కూలెంటులో, అంటే ఇంజనుని చల్లబరచడానికి రేడియేటర్లో తిరిగే ద్రవంలో, బోరు నీళ్ళు కలపొద్దని వందసార్లు చెబుతాను. సముద్రం వైపు ఊళ్ళలో బోరు వేస్తే పడేది ఉప్పు నీళ్ళు. లోపల గార కట్టి, అల్యూమినియం తినేస్తుంది. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం. తుప్పు రంగులోకి తిరిగి ఉంటే మొత్తం దింపి మార్చు. మూత మాత్రం వేడిమీద తియ్యకు, మొహం కాలుతుంది. ఫ్యాన్ తిరుగుతోందా, వంద డిగ్రీల అటూఇటూలో అందుకుంటోందా, అదీ చూసుకో.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను, నీకు పనికొస్తుంది. చాలా ఏళ్ళ కిందట భీమవరం వైపు నుంచి రొయ్యల చెరువులవాళ్ళ కుర్రాడు ఇలాంటి బండే తెచ్చాడు. కాళ్ళు కాలుతున్నాయి అంటే, నాలుగు బెండ్ పైపులకీ హీట్ ర్యాప్, అంటే వేడిని బయటికి రానివ్వని గుడ్డ పట్టీ, చుట్టేశాను. చుట్టడం భలే వచ్చింది, నేనే ఫోటో తీసుకున్నాను. మూడో రోజు వాడు లాక్కుంటూ వచ్చాడు. కాళ్ళు చల్లగానే ఉన్నాయట, సీటు మీద కూర్చోలేకపోతున్నాడట, వెనక లైటు ఆగిపోయిందట. సీటు తీస్తే వైర్ల తొడుగు జావలా కారి ఉంది. ముందు పైపులు గాలికి వదిలెయ్యాల్సిన వేడిని నేను లోపలే బంధించి, పొట్లం కట్టి, వెనక సీటు కిందకి పంపించాను! సైలెన్సర్ పక్కన ఉండే బండికి ర్యాప్ చుడితే ఎంతోకొంత మేలు. సీటు కింద ఉన్నదానికి ముందు చుడితే వెనక మంట. అప్పటికి వైర్లు మార్చి పంపాను గానీ ర్యాప్ వెంటనే విప్పలేదు. ఒక వాన కాలం గడిచాక విప్పితే లోపల పైపు తుప్పు పొడి రాలింది. చెరువు గట్ల మీద ఉప్పు తేమ దాంట్లో పట్టుకుని కూర్చుంది మరి. అవి స్టెయిన్‌లెస్ కావు, ఎవరో లోకల్‌గా చేయించిన ఇనప పైపులు. ఆ డబ్బులు నేను వెనక్కిచ్చేశాను.

నీ బండికి చెయ్యాల్సింది చాట అడ్డం పెట్టడం. ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు తెచ్చుకో. ముందు పాత క్యాలెండర్ అట్టని సైలెన్సర్ మీద పెట్టి కత్తిరించుకో, అట్ట నప్పాకే రేకు కొయ్యి. అంచులు కొద్దిగా మడిచెయ్యి, లేకపోతే బండి వణుకుడికి ఆ అంచే బ్లేడై వైరు కోస్తుంది. రేకు సైలెన్సర్‌కీ తగలకూడదు, సీటు బేస్‌కీ తగలకూడదు. రెండువైపులా నీ చిటికెన వేలు దూరేంత సందు ఉండాలి. అసలు పని చేసేది ఆ సందేరా, రేకు కాదు. స్టెయిన్‌లెస్ బోల్టులు, కింద ఇనప బుష్‌లు స్పేసర్లుగా పెట్టు. మెరుగు వైపు సైలెన్సర్‌ని చూడాలి. వెనక అంచు మూసెయ్యకు, రేకు కింద చేరిన గాలి నంబరు ప్లేటు వైపు నుంచి పోవాలి. దారి లేకపోతే నువ్వు కట్టింది చాట కాదు, మూకుడు మీద మూత.

సీటు బేస్ అడుగున మాత్రం అల్యూమినియం పూత ఉన్న ఫైబర్‌గ్లాస్ షీటు అంటించొచ్చు. అంటించే ముందు స్పిరిట్‌తో రెండుసార్లు తుడువు. చవకరకం జిగురు వేడికి వదిలేసి, షీటు మడత సైలెన్సర్ మీద పడుతుంది, అదో ప్రమాదం. అందుకని మూలల్లో నాలుగు చిన్న రివెట్లు కొట్టు, కొట్టే ముందు బేస్ పైన ఏముందో చూసుకుని. వైర్లకి ఫైబర్‌గ్లాస్ గొట్టం తొడిగి, ఫ్రేముకి స్టీలు క్లిప్పులతో కట్టు, ప్లాస్టిక్ ట్యాగులు కరిగిపోతాయి. ట్యాంకు అడుగున కూడా అదే షీటు వెయ్యొచ్చు గానీ గాలి పైపు, నీరు పోయే పైపు నలగకుండా చూడు.

కొబ్బరి పీచు పెట్టి కుట్టించమని ఎవడో చెప్పాడట, మీ అమ్మ అంది. మన కోనసీమ సరుకేగానీ సైలెన్సర్ పక్కన దానికంటే మంచి నిప్పు రాజేసేది లేదు. థర్మోకోల్, యోగా చాప, కార్లో వేసే ఫోమ్, అన్నీ అంతే. నా కుర్రతనంలో మేము ఆస్బెస్టాస్ తాడు చుట్టేవాళ్ళం, చేత్తో చింపేవాళ్ళం కూడా. ఆ పొడి ఊపిరితిత్తుల్ని తినేస్తుందని తర్వాత తెలిసింది. ఎవడైనా పాత సామాన్లలోంచి తీసి ఇచ్చినా ముట్టుకోకు.

క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా, కోసి పారెయ్యమని కూడా అంటారు. అది మూడొందల డిగ్రీల దగ్గర నిద్రలేచే సరుకు, వేడి దాని పని. తీసేస్తే పొల్యూషన్ టెస్టులో పోతావు, పెట్రోలు లెక్క తప్పుతుంది, రోడ్డు మీద పట్టుకుంటారు. పాత ఓనరు ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగకి అడ్డు తక్కువుండేది) వేసి పెట్రోలు మ్యాపు (ఎంత పెట్రోలు పొయ్యాలో ఇంజనుకి చెప్పే లెక్క) సరిచెయ్యకుండా వదిలేస్తే బండి పలచని మిశ్రమంతో నడిచి మరింత కాగుతుంది. నీది అలాగే ఉందేమోనని నాకు అనుమానం, వచ్చినప్పుడు చూస్తాను.

ఎంత చేసినా ఆగి ఉన్నప్పుడు సెగ వస్తుంది, ఒప్పుకో. కదిలే బండికి గాలే మందు. రైల్వే గేటు పడితే ఇంజను ఆపు. మా అరటి మార్కెట్ దగ్గర గెలల లారీలు అడ్డంగా తిరిగేటప్పుడు సగం క్లచ్ మీద పాక్కుంటూ రాకు, ఆగితే ఆగు, సందు దొరికాక ఒకేసారి కదులు. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కితే బండి ఆపి, వీలైతే సీటు తీసి పక్కన పెట్టు, నర్సాపురం చేరేలోపు ఆరిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో, పన్నెండు నుంచి మూడు దాకా దాని జోలికి వెళ్ళకు, మీ నాన్న స్కూటీ ఉందిగా. సాగే నైలాన్ ప్యాంటు వద్దు, కాలితే ఒంటికి అంటుకుంటుంది. మందం నూలు ప్యాంటు వేసుకో. లుంగీ గురించి నేను చెప్పను.

మంగళవారం రా. పొద్దున్నే ఆరు గంటలకల్లా. వచ్చాక బండి పూర్తిగా చల్లారనిద్దాం. చల్లారి ఉంటేనే ఆ టిక్ టిక్ నాకు వినిపిస్తుంది. కొలతలు రాసిన పుస్తకం తే. సీటు తాళంచెవి మర్చిపోకు, పోయినసారి మర్చిపోయి వచ్చావు, మీ అత్త పెట్టిన పెసరట్లు తిని వెళ్ళిపోయావు.

మీ మావయ్య