తినకుండానే పెరిగే షుగర్, చెప్పకుండా పడిపోయే షుగర్

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం షుగర్ గురించే. వాటిలో, మూత్రపిండాలపై ఉండి హార్మోన్లు వదిలే ఎడ్రినల్ గ్రంథులతో ముడిపడినవాటిని ఏరి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా నాయనకు షుగర్. రాత్రి రెండు జొన్న రొట్టెలు తిని పండుకునేటప్పుడు చూస్తే 130 ఉంటది. పొద్దుగాల లేవంగనే చూస్తే 180. నడుమ నీళ్లు తప్ప ఏమీ ముట్టడు. ఇదంతా యాడికెల్లి వస్తున్నది?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ఆయన కాలేయం నుంచే. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా అందులో గ్లూకోజు 5 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. మెదడు ఒక్కటే గంటకు దాదాపు అంత వాడేస్తుంది, నిద్రలో కూడా. అందుకే కాలేయం సుమారు 100 గ్రాముల గ్లైకోజన్‌ను (గొలుసుగా కూర్చిన గ్లూకోజు) నిల్వ ఉంచుకొని రాత్రంతా కొంచెం కొంచెంగా వదులుతుంది. తెల్లవారుజామున ఎడ్రినల్ గ్రంథుల పైపొర నుంచి కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతూ వచ్చి, మేల్కొనే వేళకు గరిష్ఠానికి చేరుతుంది. రాత్రి విడుదలైన గ్రోత్ హార్మోను దానికి తోడవుతుంది. ఈ రెండింటి వల్ల కాలేయం గ్లూకోజు తయారీ పెంచుతుంది, కండరాల మీద ఇన్సులిన్ పట్టు సడలుతుంది. షుగర్ లేనివాళ్లలో క్లోమం మరికొంత ఇన్సులిన్ వదిలి సరిచేస్తుంది. మీ నాయనకు ఆ వెసులుబాటు లేదు.

మందు పెంచే ముందు రెండు మూడు రాత్రులు 3 గంటలకు లేపి మిషన్‌తో చూడండి. 70 కన్నా తక్కువ వస్తే రాత్రి మందు ఎక్కువైనట్టు. అప్పుడు పెంచితే ప్రమాదం. 130 దగ్గర ఉండి తెల్లారేసరికి ఎక్కితే అది హార్మోన్ల పని. 3 గంటలకే 180 ఉంటే రాత్రి భోజనం ఎక్కువైందో ఆలస్యమైందో, మందు చాలడం లేదో చూసుకోవాలి. పరగడుపు అంకె ఒక్కటే చూసి గోలీ మార్చే అలవాటు మంచిది కాదు.

ప్రశ్న: మా అమ్మ షుగర్‌కు గ్లిమిపిరైడ్ గోలీ వేసుకుంటది. అప్పుడప్పుడు చేతులు వణికి, గుండె దడదడ కొట్టుకొని, చెమటలు పట్టేవి. ఒంటి తలనొప్పికి ప్రొప్రనాలాల్ మొదలుపెట్టినంక వణుకుడు లేదు, దడ లేదు, ఉత్త చెమటలే. లో షుగర్ తగ్గినట్టేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తగ్గినట్టు కాదు. షుగర్ పడిపోతూనే ఉండవచ్చు, ఆ సంగతి తెలిపే గుర్తులు మాత్రం అణగిపోయాయి.

రక్తంలో గ్లూకోజు 80 దాటి కిందికి దిగుతుంటే మామూలుగా ముందు ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది. 65–70 దగ్గర షుగర్‌ను పెంచే హార్మోన్లు గ్లూకగాన్ (క్లోమం నుంచి), ఎడ్రినలిన్ (ఎడ్రినల్ గ్రంథి నుంచి) లేస్తాయి. మెదడు కింది భాగంలోని హైపోథాలమస్ నుంచి వెన్నుపాము మీదుగా సింపథెటిక్ నరాలు (ఆపదలో ఒంటిని సిద్ధం చేసేవి) మూత్రపిండాలపై కూర్చున్న ఎడ్రినల్ గ్రంథుల లోపలి భాగానికి కబురు తెస్తాయి. అక్కడి నుంచి రక్తంలోకి వచ్చేదాంట్లో ఎక్కువ పాలు ఎడ్రినలిన్, మిగతాది నార్ఎడ్రినలిన్. ఎడ్రినలిన్ కాలేయంలోని గ్లైకోజన్‌ను విడగొట్టి గ్లూకోజును రక్తంలోకి పంపుతుంది. క్లోమంలో ఇన్సులిన్‌ను అణిచి గ్లూకగాన్‌ను పెంచుతుంది. కొవ్వును కరిగిస్తుంది. కండరాల్లోనూ గ్లైకోజన్ ఉంది, కాలేయంకన్నా చాలా ఎక్కువే. కానీ దాన్ని నేరుగా రక్తంలోకి వదిలే ఎంజైము వాటికి లేదు; ల్యాక్టేటుగా మార్చి కాలేయానికి పంపితే అక్కడ గ్లూకోజు అవుతుంది.

వణుకు, దడ ఈ ఎడ్రినలిన్ వల్ల వచ్చేవే. అది పట్టుకునే, కణాలపై ఉండే బీటా గ్రాహకాలను ప్రొప్రనాలాల్ మూసేస్తుంది. దాంతో గుర్తులు పోవడమే కాదు, ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లలో షుగర్ తిరిగి కోలుకోవడం కూడా ఆలస్యం కావచ్చు. చెమట మాత్రం పడుతుంది, ఎందుకంటే స్వేద గ్రంథులకు వెళ్లే సింపథెటిక్ నరాలు వాడేది ప్రొప్రనాలాల్ అడ్డుకోని వేరే రసాయనమైన అసిటైల్‌కోలిన్‌ను. కాబట్టి మీ అమ్మగారి విషయంలో కారణం లేని చెమటే గుర్తు. చెమట పట్టగానే మిషన్‌తో చూడండి. తలనొప్పికి వేరే మందు కుదురుతుందేమో డాక్టరును అడగండి. ప్రొప్రనాలాల్ మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, గుండె మీద భారం పడుతుంది.

70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే సుమారు మూడు చెంచాలు, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి, పెరగకపోతే ఇంకోసారి. పెరిగాక అన్నమో రొట్టెనో తినిపించాలి, ఎందుకంటే గ్లిమిపిరైడ్ ప్రభావం గంటల తరబడి ఉండి షుగర్‌ను మళ్లీ దించగలదు. నేతి లడ్డూ పెట్టకండి, కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఎక్కడం ఆలస్యమవుతుంది. వాగ్లిబోసో అకార్బోసో (చక్కెర పేగులో విడిపోవడాన్ని నెమ్మదింపజేసే షుగర్ గోలీలు) కూడా వేసుకునేవాళ్లకు చక్కెర నీళ్లు సరిగా పనిచేయవు, గ్లూకోజే కావాలి. స్పృహ లేకుంటే నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 కు ఫోన్ చేయండి.

ఇంకొకటి. లో షుగర్ వచ్చిపోయాక కొన్ని గంటలకు 250 కనిపించవచ్చు. విడుదలైన హార్మోన్ల ప్రభావం, భయంతో ఎక్కువ తినిపించడం రెండూ అందుకు కారణం. దానికోసం అదనంగా గోలీ వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. తరచూ లో అయ్యేవాళ్లకు ఏ మందూ లేకున్నా ఈ గుర్తులు మొద్దుబారతాయి. కొన్ని వారాలు లో కాకుండా చూసుకుంటే చాలామందికి తిరిగి వస్తాయి.

ప్రశ్న: మోకాళ్ల నొప్పులకు ఊళ్లో సూది వేయించుకున్న. నొప్పి పోయింది గానీ షుగర్ 300 దాటింది. రెంటికీ సంబంధముందా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: అది స్టెరాయిడ్ సూది అయివుంటే ఉంది. మీ ఎడ్రినల్ గ్రంథి చేసే కార్టిసాల్‌కు అది బలమైన అన్నలాంటిది. కీళ్లలోకి వేసినా కొన్ని రోజులు షుగర్ ఎగబాకుతుంది. పొద్దున గోలీ రూపంలో తీసుకుంటే మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువ పెరుగుతుంది, కాబట్టి పరగడుపు పరీక్ష ఒక్కటే చేసుకుంటే మోసపోతారు. ఏం మందు వేశారో చీటీ మీద రాయించుకోండి. వారాల తరబడి స్టెరాయిడ్ గోలీలు మింగి ఉంటే ఒక్కసారిగా ఆపకూడదు. అప్పటికి సొంత గ్రంథి తయారీ తగ్గించుకొని ఉంటుంది. ఆపితే బీపీ, షుగర్ రెండూ పడిపోవచ్చు.

ప్రశ్న: ఇన్సులిన్ వేసుకుంటున్న. ఈసారి సలేశ్వరం జాతరకు పోదామనుకుంటున్న. లోయ దిగి ఎక్కుడు నాకు అయితదా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: గుండె, పాదాలు బాగున్నాయని డాక్టరు చెబితే వెళ్లండి. నల్లమలలో చైత్ర పౌర్ణమి ఎండ, పైగా రాళ్ల దారి. బయలుదేరే ముందు 100 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని నడవండి. ఆ రోజు ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ముందే అడిగి పెట్టుకోండి. తొడలో కాక పొట్టపై వేసుకోండి. నడిచే కాలిలో వేస్తే మందు తొందరగా ఎక్కుతుంది. సీసాను తడిగుడ్డ చుట్టి నీడన పెట్టుకోండి.

నిట్టనిలువు ఎక్కాక 220 చూపిస్తే కంగారుపడి సూది వేయకండి. అది ఎడ్రినలిన్ పుణ్యం, తరచుగా గంటా రెండు గంటల్లో దిగుతుంది. అసలు భయం ఆ రాత్రికే. ఖాళీ అయిన కండరాలు మర్నాటిదాకా గ్లూకోజును లాగుతుంటాయి, అందుకే పడుకునే ముందు తిని, పరీక్షించుకోండి.

అలసట తీర్చుకోవడానికి కల్లో మందో మాత్రం వద్దు. కాలేయం కొత్త గ్లూకోజు తయారీని ఆల్కహాల్ ఆపుతుంది. నడకతో నిల్వ తరిగిపోయి ఉంటే ఎడ్రినలిన్ ఎంత కొట్టుకున్నా వదలడానికి ఏమీ మిగలదు. మత్తు గోలీలు కలిపిన కల్తీ కల్లయితే, పడిపోయిన మనిషిని చూసి తాగి పండుకున్నాడనుకుంటారు. వెంట వచ్చేవాళ్లకు మీకు షుగరున్న సంగతి, గ్లూకోజ్ పొట్లం ఏ జేబులో ఉందో చెప్పి పెట్టండి.

ప్రశ్న: టెన్షన్‌తో షుగర్ వస్తదా?
– ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: ఉన్న షుగర్‌ను పెంచుతుంది. టెన్షన్ ఒక్కటే జబ్బు తెస్తుందని చెప్పలేం. మెదడుకు ఆ శక్తి ఉందని 1849లో ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ చూపించాడు: కుందేలు మెదడు అడుగుభాగంలో ఒకచోట సూదితో గుచ్చితే మూత్రంలో చక్కెర కనిపించింది. జ్వరం, చీము గడ్డ, ఆపరేషన్, నిద్రలేమి కూడా అదే దారిలో పెంచుతాయి. అందుకే జ్వరమొచ్చి తినడం లేదని ఇన్సులిన్ పూర్తిగా మానేయకూడదు. బీపీతో పాటు విడతలు విడతలుగా తలనొప్పి, దడ, చెమటలు కలిసి వస్తుంటే దాన్ని టెన్షన్ అని తోసేయకండి. ఎడ్రినల్ గ్రంథిలో అరుదుగా వచ్చే గడ్డ ఇలాగే ఉంటుంది. రక్తంలోనో మూత్రంలోనో మెటానెఫ్రిన్ల (ఎడ్రినలిన్, నార్ఎడ్రినలిన్‌ల నుంచి ఏర్పడే పదార్థాల) పరీక్షతో తెలుస్తుంది.