పాత కొంపకి అంత రేటా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూయార్క్‌లో పార్క్ అవెన్యూ దగ్గర 'ప్రీవార్' అపార్ట్‌మెంట్ చూశాడు. తొంభై ఏళ్లు దాటిన కొంపకి ఆ ధరేమిటండీ?

జవాబు: ప్రీవార్ అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టినవి. మందపాటి గోడలు, ఎత్తైన సీలింగు, వంటింటి పక్కనే పనివాళ్ల గది. 1930 నాటి '740 పార్క్ అవెన్యూ' బిల్డింగ్‌లో ఫ్లాటంటే ఇప్పటికీ కోటీశ్వరుల బేరమే. రేటు సంగతి సరే, అసలు మెలిక వేరే ఉంది. ఇవి చాలావరకు కో-ఆప్‌లు, అంటే మీవాడు కొనేది ఫ్లాట్ కాదు, బిల్డింగ్ కంపెనీలో షేర్లు, వాటితోపాటు అందులో ఉండటానికి లీజు. డబ్బుంటే చాలదు, ఆ కంపెనీ బోర్డు వాళ్లు మీవాడి బ్యాంకు లెక్కలన్నీ తిరగేసి, పెళ్లిచూపుల్లా ఇంటర్వ్యూ చేసి, కాదనొచ్చు కూడా. లోన్ అసలే ఒప్పుకోని బోర్డులున్నాయి. నెలనెలా మెయింటెనెన్స్‌లో బిల్డింగ్ పన్నులో, బిల్డింగ్ మీదున్న అప్పులో వాటా కూడా కలుస్తాయి కాబట్టి, అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ బిల్డింగ్ ఖాతాలు లాయరుకి చూపించమనండి.