వరంగల్‌లో పంటి క్లినిక్, మెడికల్ షాపు, ఫోన్ వైద్యం: పర్యవేక్షణ ఎవరిది?

ఈ మూడింటినీ జిల్లాలో ఒకే అధికారి చూస్తారా అన్నది ప్రశ్న. చూడరు.

ప్రైవేటు పంటి క్లినిక్‌ల రిజిస్ట్రేషన్, తనిఖీ జిల్లా వైద్యారోగ్య శాఖాధికారి పరిధిలోనివి. దంతవైద్యుని వృత్తిపరమైన తప్పిదంపై ఫిర్యాదు మాత్రం రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు వెళ్లాలి. 2021లో జరిగిన జిల్లాల మార్పుల తర్వాత కాజీపేట హన్మకొండ జిల్లాలో, నర్సంపేట వరంగల్ జిల్లాలో ఉన్నాయి కనుక, క్లినిక్ ఏ జిల్లాలో ఉందో చూసుకొని దరఖాస్తు ఇవ్వడం మంచిది.

మందుల షాపుల సంగతి వేరు. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు ఇచ్చేదీ, రద్దు చేసేదీ ఔషధ నియంత్రణ విభాగమే. గోలీల షీటుపై ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అది హెచ్1 జాబితా (అమ్మకంపై అదనపు నియమాలున్న మందుల జాబితా)లోని యాంటీబయాటిక్ అయితే, డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి, దానిని 3 ఏళ్లు భద్రపరచాలి. తనిఖీకి వచ్చిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ మొదట తెరవవలసింది ఆ రిజిస్టరునే అని నా అభిప్రాయం.

ఫోన్ వైద్యంపై స్థానిక పట్టు బలహీనం. 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం చీటీపై డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి; అది లేని చీటీని నమ్మవద్దు. ఎవరి పరిధో తేలకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి.