పాత ప్రేమ నవలలనే మళ్లీ మళ్లీ ఎందుకు తెరకెక్కిస్తున్నారు? కొత్త కథలు దొరకకనా?

కొత్త కథలు దొరకక అని నేను అనుకోను. మా ఇంట్లో మూడు తరాలవాళ్లం మూడు రకాలుగా చూసిన కథ ఒకటుంది, బెంగాలీ నవలాకారుడు శరత్‌చంద్ర ఛటర్జీ (శరత్‌బాబు) రాసిన ‘దేవదాసు’. నాకు తెలిసింది దాని ద్వారానే చెబుతాను.

అమ్మకు దేవదాసు అంటే 1953 నాటి అక్కినేని, పార్వతి అంటే సావిత్రి. పెళ్లికి ముందు టూరింగు టాకీసులో నేలమీద కూర్చుని చూసిందట. నేను ఎక్కువగా తలచుకునేది 2002లో సంజయ్ లీలా భన్సాలీ తీసిన హిందీ సినిమాను. మా అమ్మాయి కాలేజీ రోజుల్లో 2009 నాటి ‘దేవ్ డి’ చూసి వచ్చి, రెండు రోజులు దాని గురించే మాట్లాడింది.

నవల చదివింది మాత్రం ఆలస్యంగానే. చక్రపాణి గారి అనువాదం చేతికొస్తే ఒక్క మధ్యాహ్నంలో పూర్తయింది. తాగుడే ఈ కథ అని అంతవరకూ నమ్మాను. కాదు. బరువంతా ఒక రాత్రి మీద, ఒక ఉత్తరం మీద ఉంది. పరువు సంగతి పక్కనపెట్టి పార్వతి అర్ధరాత్రి అతని గదికి వస్తుంది. పక్కింటివాళ్లతో, అందులోనూ కన్యాశుల్కం పుచ్చుకునే ఇంటితో వియ్యమా అన్నది పెద్దల అభ్యంతరం. వాళ్లను ఎదిరించలేక అతడు కలకత్తా వెళ్లిపోతాడు. నీమీద నాకు అంత ప్రేమ ఉందని ఎప్పుడూ అనిపించలేదన్నట్టు ఉత్తరం రాస్తాడు. దాన్ని పోస్టులో వేసిన క్షణం నుంచే అతనికి మనశ్శాంతి ఉండదు. తిరిగి వచ్చేసరికి పార్వతి మనసు గట్టిపడిపోయింది. ఆ పేజీలు చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఎందుకు అలా రాశాడు? శరత్ పూర్తిగా విప్పి చెప్పడు. చెప్పకుండా వదిలిన ఆ చోటే ప్రతి తరం దర్శకుణ్నీ పిలుస్తోందని నా నమ్మకం.

హక్కులు కొనక్కర్లేదు కాబట్టి తీస్తారని కొందరంటారు. శరత్ 1938లో పోయారు, ఇప్పుడు ఆ నవల ఎవరైనా వాడుకోవచ్చు, నిజమే. కానీ 1935లో, ఆయన బతికుండగానే, పి.సి. బారువా బెంగాలీలో తీశారు. అంతకుముందే 1928లో మూకీ వచ్చింది. చవకగా దొరకడం ఒక్కటే కారణమైతే అప్పుడెందుకు తీసినట్టు?

ఒక్కొక్కరు ఆ ఖాళీని ఒక్కో రకంగా నింపారు. నవలలో పార్వతి, దేవదాసును ప్రేమించిన వేశ్య చంద్రముఖి ఎన్నడూ కలుసుకోరు. భన్సాలీ ఇద్దరినీ కలిపి నాట్యం చేయించాడు. చాలామందికి అది అపచారం అనిపించింది. నాకు మాత్రం ఆ ఇద్దరూ ఒకరి దుఃఖం ఒకరు చూసుకోవడం ఎంతో ఊరటనిచ్చింది.

అనురాగ్ కశ్యప్ ఇంకా లోపలికి వెళ్లాడు. ‘దేవ్ డి’ పంజాబులో మొదలవుతుంది. అక్కడ తండ్రికి ఈ పెళ్లి ఇష్టమే. కుర్రవాడే, పారో (ఇందులో పార్వతి) గురించి ఎవరో అన్న మాట నమ్మి ఆమెను అవమానించి పోగొట్టుకుంటాడు. 1917లో అచ్చయిన నవలలో పెద్దలు కట్టిన గోడ ఇక్కడ లేనే లేదు. అయినా అతడు ఓడిపోయాడు. మా అమ్మాయి కథ చెబుతుంటే నాకు నవలే మళ్లీ కొత్తగా అర్థమైంది.

ఆ సాయంత్రం అమ్మ కూడా వింటూ కూర్చుంది. “ఇందులోనూ ఉత్తరం రాశాడా?” అని అడిగింది. లేదని, తండ్రి ఒప్పుకునేవాడే అని మా అమ్మాయి చెప్పింది. అమ్మ కాసేపు ఆలోచించి, “అయితే ఈసారి తండ్రిమీద నెట్టడానికి కూడా లేదన్నమాట” అంది.