ఎండిన చింత చేవ చెక్కుతుంటే ఉలి అంచు విరుగుతోంది, మానేయాలా?

బాగా ఎండిన చింత చేవలో (మాను మధ్యలో ఉండే గట్టి చెక్కలో) గుడ్లగూబ చెక్కుతున్నానని, ఉలి అంచు పెచ్చులూడుతోందని, డిస్కు తిరిగే చేతి గ్రైండర్ పెడితే చెక్క మాడుతోందని రాశారు. మెత్తటి చెక్కకి మారిపోవాలా అని అడిగారు. మానేయకండి. నేనూ మొదట్లో ఇలాగే రెండు మంచి ఉలులు పాడు చేసుకున్నాను.

ఉలులు మామూలుగా 25 డిగ్రీల వాలుతో వస్తాయి. టేకుకి అది చక్కగా సరిపోతుంది, చేవకి మాత్రం ఆ అంచు మరీ పల్చన. వాలంతా మార్చక్కర్లేదు. సాన మీద ఉలిని కొంచెం పైకి లేపి, చివర అర మిల్లీమీటరు మేర 35 డిగ్రీలు వచ్చేలా పది పన్నెండు సార్లు రుద్దండి చాలు. దించడానికి కాస్త బలం ఎక్కువ పడుతుంది కానీ అంచు నిలుస్తుంది. ఇంకోటి, చెక్కలోకి దిగిన ఉలిని పక్కకి తిప్పి పెచ్చు లేపొద్దు. నా ఉలులు రెండూ అలా తిప్పినప్పుడే విరిగాయి. మధ్యమధ్యలో అంచుని వెలుతురులో పట్టుకుని చూడండి. పదునుగా ఉన్న అంచు అసలు కనపడదు. ఎక్కడైనా సన్నటి తెల్లటి మెరుపు కనిపించిందంటే అక్కడ మొద్దుబారినట్టే, వెంటనే సాన పట్టాలి.

ఇక గ్రైండర్ సంగతి. చిన్న గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. ఒకేచోట నొక్కి పట్టుకుంటే ఏ చేవైనా మాడుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ పళ్ల డిస్కు వేసి, తేలిగ్గా తాకిస్తూ, చెయ్యి కదుపుతూనే ఉండండి. కాలిన వాసన వస్తే ఆపేసి డిస్కు పళ్లలో ఇరుక్కున్న పొడి దులపండి. గొలుసు పళ్ల డిస్కు మాత్రం దయచేసి వాడకండి. ముడి దగ్గర అది పట్టేసి గ్రైండర్ నా చేతుల్లోంచి వెనక్కి తన్నింది. ఎడమ బొటనవేలి పక్కన ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. గార్డు తీయకండి, చెక్కని క్లాంపుతో బల్లకి బిగించి, గ్రైండర్‌ని రెండు చేతులతో పట్టుకోండి. కళ్లద్దాలు, మంచి మాస్కు తప్పనిసరి. చేవ పొడి చాలా సన్నగా ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చెక్క మీద గీసుకున్న బొమ్మ గీతకి 3 మిల్లీమీటర్ల ముందే నేను మెషిన్ ఆపేస్తాను. మిగిలింది ఉలికే వదలాలి, ఎందుకంటే అంత దగ్గర గ్రైండర్ ఒక్కసారి జారినా పోయిన చెక్క తిరిగి రాదు. గుడ్లగూబ కన్నుకి ముందు ఆ వంపుకి సరిపోయే గుండ్రటి ఉలిని నిలువుగా పెట్టి, చుట్టూ గాటు పెట్టుకోండి. తర్వాత ఉలిని వాల్చి ఆ గాటు వైపు చెక్కుకుంటూ రండి. ఒక్కో దెబ్బకి గోరు మందం కన్నా తక్కువే తీయాలి. కొయ్య సుత్తిని పిడి చివర కాకుండా తల దగ్గర పట్టుకుంటే చిన్న దెబ్బలు బాగా అదుపులో ఉంటాయి. చింతలో నార అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి, పెచ్చు లోతుగా చీలుతోందనిపిస్తే దిక్కు మార్చండి, లేదా నారకి అడ్డంగా కోయండి. ఈకల దగ్గర నేను ఎక్కువగా అడ్డంగానే కోస్తాను.

ముక్కు అన్నిటికంటే ఆఖరున చెక్కండి. దాని కొనలో నార పొట్టిగా ఉంటుంది, ముందే చెక్కేస్తే తర్వాత పనిలో ఏ చిన్న దెబ్బ తగిలినా ఊడిపోతుంది.